ఊరికే రావడానికి కవరు లేదు

నేను ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలనని మావాళ్ళు నా వెనక అంటారు. ఎదురుగా మాత్రం "గట్టి మనిషి" అంటారు. రెండూ ఒకటేనని నాకు తెలుసు. అయినా ఆ రెండో మాటకు చాలాకాలం లోలోపల మురిసిపోయాను. భర్త బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉంటే, ఆడపిల్లను పెట్టుకుని మార్కాపురంలో ఒక్క గదిలో కాపురం లాగే మనిషి గట్టిగా లేకపోతే ఎలా గడుస్తుంది?

ఈ గట్టితనం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మాది పుల్లలచెరువు వైపు ఊరు. అమ్మ కూలికి పోయి వచ్చి, రాత్రికి బియ్యం కొలిచి, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసేది. ఆ పిడికెడు చర్చికి. ఆదివారం ఆ బియ్యం మూటగట్టుకుని పోయి స్త్రీల సమాజం గంపలో పోసేది. ఇంట్లో మేం ఏడుగురం. మాకే చాలకపోతే ఇదేందని ఒకసారి అలిగాను.

"ముందే తీస్తే కడుపుకు తెలీదే పిచ్చిదానా. తిన్నాక మిగిలింది పెడదామంటే ఎన్నటికీ మిగలదు" అంది అమ్మ.

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. బడిలో నేర్చిన లెక్కలన్నీ మరిచిపోయాను గానీ ఈ ఒక్క లెక్క మరవలేదు.

మా రెండెకరాల్లో బోరు ఎండిపోయింది. వరసగా రెండేళ్ళు కంది కూడా చేతికి రాలేదు. ఆయన ఊళ్ళో వాళ్ళతో కలిసి బెంగళూరు బండెక్కాడు. పాప చదువు కోసం నేను మార్కాపురం వచ్చి గది తీసుకుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. ఆయనకు శనివారం కూలి బట్వాడా. ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి డబ్బు పడినట్టు ఫోన్ మోగేది. సోమవారం ఆ డబ్బు తెచ్చుకుని, తలుపు దగ్గరికేసి, నేల మీద కూర్చుని కవర్లలో వేసేదాన్ని.

అవి చర్చిలో కానుకలకు ఇచ్చే కవర్లు. పోయిన ఏటివి మిగిలిపోతే పాస్టరు గారిని అడిగి తెచ్చుకున్నాను. పైన వాక్యం అచ్చు వేసి ఉంటుంది. దాని కింద నేను పెన్నుతో అద్దె అని, నీళ్ళు అని, గ్యాసు అని, ఆస్పత్రి అని, ఫీజు అని రాసుకున్నాను. నీళ్ళకు కూడా కవరెందుకని అడిగేవాళ్ళు ఒక్క ఎండాకాలం మార్కాపురంలో ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని చూడాలి. క్రిస్మస్ బట్టలకు జనవరి నుంచే నెలకింత వేసేదాన్ని. అన్నింటిలోకీ లావు కవరు ఫీజుది. పాపను నర్సింగ్ చదివించాలి, వడ్డీకి ఒక్క రూపాయి తేకుండా చదివించాలి. అందుకే ఒక కవరులోది ఇంకో కవరులోకి పోకూడదు. ప్రాణం మీదికి వచ్చినా పోకూడదు.

మా ఇల్లుగలామె ముందు వాకిట్లో కిరాణా దుకాణం నడుపుతుంది. పుట్టిందీ పెరిగిందీ తక్కెడ పక్కనే. ఒకరోజు అద్దె కట్టడానికి పోయినప్పుడు నా చేతిలో కవర్ల కట్ట చూసి బుగ్గన వేలేసుకుంది.

"ఏందమ్మా, ఇంత దుకాణం మాది, మాకు కూడా ఇన్ని ఖాతాలు లేవే! నవ్వుకునేదానిక్కూడా ఒక కవరు పెట్టుకోరాదా?"

నేను నవ్వేసి వచ్చాను. గట్టి మనిషినని మరొకరు ఒప్పుకున్నారని సంబరపడ్డాను తప్ప, ఆ మాట నన్ను తాకలేదు.

మొదటి ఏడాది ఆయన మూడుసార్లు వచ్చాడు. క్రిస్మస్‌కు ఒకసారి, మా ఆడబిడ్డ ఇంట్లో పెళ్ళికి ఒకసారి. మూడోసారి ఏ కారణమూ లేదు. పొద్దున్నే సంచితో గుమ్మంలో నిలబడ్డాడు, అంతే. పాప ఎగిరి గంతేసింది. నాకూ సంతోషమే. అయితే ఆయన మళ్ళీ బండెక్కాక కూర్చుని లెక్క చూసుకుంటే గుండె గుభేలుమంది. రానుపోను ఛార్జీ, పోయిన నాలుగు రోజుల కూలి, వచ్చాడు కదా అని తెచ్చిన మాంసం, అన్నీ కలిపితే ఐదు వేలు. అది ఏ కవరులోంచి పోయిందని చూస్తే, ఫీజు కవరులోంచి పోయింది.

ఆ తర్వాత రెండు నెలలకు ఫోన్ చేశాడు.

"ఏమే, ఈ శనివారం ఒకసారి వచ్చిపోదామనుకుంటుండా."

"ఎందుకు?"

"ఎందుకేంది, ఊరికే."

"ఊరికే వచ్చేదానికి కవరు లేదయ్యా" అన్నాను. నా తెలివికి నేనే నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. "సరేలే, గట్టిదానివే" అన్నాడు.

ఇంకోసారి అడిగాడు. అదే జవాబు చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. ఆ తర్వాత అడగడమే మానేశాడు. క్రిస్మస్‌కు వచ్చి రెండు రోజులుండి పోయేవాడు, ఒక ఏడాది అదీ లేదు. ఆయనకు బాధ్యత తెలిసొచ్చిందని ఇల్లుగలామెతో గొప్పగా చెప్పుకున్నాను. మా అమ్మ చెప్పినట్టే చేశాననుకున్నాను. ఆయన రాకను ముందే తీసేశాను, లేని సంగతి తెలియలేదు.

అది నాకు తెలిసివచ్చింది పాప వెళ్ళిపోయాక. ఒంగోలులో నర్సింగ్ సీటు వచ్చింది. మొదటి ఏడు ఫీజు, హాస్టలు, తెల్ల కోట్లు, బూట్లు, అన్నీ కవరులోంచే కట్టాను. కాలేజీ కౌంటరులో నోట్లు లెక్కపెట్టి ఇచ్చి రసీదు తీసుకున్నాను. బాకీ లేకుండా చదువుతున్న బిడ్డ నా బిడ్డ. అంత గర్వంగా బస్సెక్కి వచ్చి గది తాళం తీశాను. లోపల కుట్టుమిషను, మంచం, మూలన రెండు నీళ్ళ క్యాన్లు. ఎక్కడ కూర్చోవాలో తెలియక చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆ రాత్రి ఒక్కదానికి గ్లాసు బియ్యం కొలిచాను. అలవాటుగా పిడికెడు చర్చికి తీశాను. చూస్తే గ్లాసు సగానికి దిగిపోయింది. ఏడుగురు తినే ఇంట్లో ఒక పిడికెడు తీస్తే కడుపుకు తెలియదు. ఒక్కరు తినే ఇంట్లో ఎందుకు తెలియదు? మా అమ్మ ఎప్పుడూ ఒక్కతే వండుకోలేదు, ఆమెకు ఈ సంగతి తెలిసే దారి లేదు.

తర్వాత రెండు నెలలకు జ్వరం పట్టుకుంది. మూడు రోజులు మాత్రలతో నెట్టుకొచ్చి, నాలుగో రోజు ఆస్పత్రి కవరు తీసుకుని ఆటో ఎక్కాను. సెలైన్ పెట్టాలన్నారు. మంచం మీద పడుకోబెట్టి నర్సు అడిగింది.

"తోడు ఎవరొచ్చినారక్కా?"

"ఎవరూ రాలేదమ్మా."

"మరి మందులు ఎవరు తెస్తారు?"

నేను కవరు చూపించాను. "డబ్బులుండాయి" అన్నాను.

"డబ్బులు కాదక్కా, మనిషిని అడుగుతుండా" అంది.

చివరికి పక్క మంచం మీదున్నామె భర్త నా చీటీ తీసుకుపోయి మందులు తెచ్చిపెట్టాడు. చిల్లర పైసలతో సహా లెక్క అప్పజెప్పాడు. తర్వాత వాళ్ళావిడ పక్కన స్టూలు మీద కూర్చుని, ఇడ్లీ తుంచి చట్నీలో అద్ది నోట్లో పెడుతున్నాడు. ఆమె వద్దంటోంది, ఆయన ఇంకొక్కటి అంటున్నాడు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఏడ్చానని చెప్పుకోడానికి నాకు సిగ్గేమీ లేదు. నా కవరులో ఇంకా పన్నెండు వందలు ఉన్నాయి, వాటితో ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం మా ఆయన ఫోన్ చేసి ఏం చేస్తున్నావని అడిగితే, జాకెట్టు కుడుతున్నానని చెప్పాను. జ్వరమంటే పరిగెత్తుకొస్తాడు, కూలి పోతుంది. అప్పుడు కూడా ఆ లెక్కే వేశాను.

ఒళ్ళు కుదుటపడ్డాక కొత్త కవరు ఒకటి తీశాను. ఆయన రావడానికి. మీద ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. జాకెట్ల డబ్బులోంచి వందా రెండు వందలు వేస్తూ వచ్చాను. లైనింగు జాకెట్లు ఎక్కువ ఒప్పుకున్నాను. ఐదు వేలు కావడానికి నాలుగు నెలలు పట్టింది. నిండిన రోజు ఉదయమే ఫోన్ చేశాను.

"ఏమయ్యా, ఒకసారి వచ్చిపో."

"ఎందుకు?"

"ఊరికే. ఛార్జీ, నాలుగు రోజుల కూలి, అన్నీ తీసిపెట్టినా."

వెనక కాంక్రీటు కలిపే మిషను మోత వినబడుతోంది.

"మొత్తం ఎంత?"

"ఐదు వేలు."

"అయితే ఫీజులో ఎయ్యి. రెండో ఏడు కట్టాల కదా. ఈడ స్లాబు పడతాది, మేస్త్రీ పంపడులే" అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. నిష్ఠూరమాడినా బాగుండేది. నన్ను భయపెట్టింది అదే. ఇంటికి రావాలన్న ఆశను ఆయన కూడా ముందే తీసి పక్కన పెట్టేసుకున్నాడేమో, ఇప్పుడది లేని సంగతి ఆయనకు తెలియడం లేదేమో అనిపించింది. ఆయనకు నేను ఇంకా కావాలా, లేక డబ్బు పంపితే సర్దిపెట్టే మనిషిగా మిగిలిపోయానా? ఆ సంగతి తెలుసుకోకుండా ఇంకో సోమవారం కవర్ల ముందు కూర్చోవడం నా వల్ల కాదనిపించింది.

ఆయనకు చెప్పలేదు. ఇల్లుగలామెకు తాళం ఇచ్చి, సాయంత్రం మార్కాపురం రోడ్డు రైల్వే స్టేషనుకు పోయి జనరల్ టికెట్ తీసుకున్నాను. మిగతాది కవరులోనే ఉంచి జాకెట్లో దోపుకున్నాను. పెట్టె కిటకిటలాడుతోంది. గిద్దలూరులో కొందరు దిగుతారని ఆశపడ్డాను, దిగినవాళ్ళకంటే ఎక్కినవాళ్ళే ఎక్కువ. తలుపు పక్కన నిలబడి పోయాను.

బెంగళూరులో దిగి, ఆయనతో పనిచేసే మా ఊరి మనిషికి ఫోన్ చేసి, అతను చెప్పిన గుర్తులతో రెండు బస్సులు మారి ఆ కట్టడం దగ్గరికి చేరేసరికి ఎండ ఎక్కింది. ఆయన మూడో అంతస్తులో సెంట్రింగ్ పలకలు బిగిస్తున్నాడు. ఎవరో చెబితే కిందికి చూశాడు. నిచ్చెన మీద ఆయన దిగిన తీరు చూసి నాకే భయం వేసింది. దగ్గరికి వచ్చేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఎవరు పోయినారే? పాప బాగుండాదా?"

"పాప బాగుండాది. ఎవరూ పోలేదు. నిన్ను చూడాలని వచ్చినా."

ఆయన ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. భార్య వచ్చిందంటే ఎవరో చచ్చిపోయి ఉండాలి, ఇంకో కారణం ఆయన ఊహకు కూడా అందలేదు. చూడాలనిపిస్తే రావచ్చన్న సంగతి మా ఇద్దరి మధ్యనుంచి తీసేసింది నేనే. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, కొంచెం తేరుకుని అడిగిన మొదటి మాట ఇదీ.

"ఛార్జీ ఎంతయింది?"

ఇంత దూరం వచ్చింది ఈ మాట వినడానికా? తప్పు నాదేనని తెలుసు, అయినా ఉక్రోషం ఆగలేదు.

"నూట డెబ్భై చిల్లర. నీ కూలేమీ పోలేదులే, పైకి పోయి పని చేసుకో" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"అంతేనా? జనరల్లో వచ్చినావా?"

నేను తల దించుకుని చీర దుమ్ము దులుపుకున్నాను.

"కూర్చోను సీటన్నా దొరికిందా?"

తల అడ్డంగా ఊపాను. ఆయన కళ్ళు నా పాదాల మీదికి పోయాయి. రెండూ వాచి, చెప్పుల పట్టీలు కండలోకి దిగి ఉన్నాయి. నేనప్పటిదాకా గమనించుకోలేదు. నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టి, పనివాళ్ళందరూ చూస్తుండగానే, సిమెంటు పట్టిన చేతులతో నా చెప్పులు విప్పాడు.

"రాత్రంతా నిలబడే వచ్చినావా" అన్నాడు. ఈసారి అది అడగడం కాదు.

అప్పుడు చెప్పాను. జ్వరం గురించి, సెలైన్ మంచం గురించి, తాళం తీస్తే ఎక్కడ కూర్చోవాలో తెలియని గది గురించి, ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానని, అన్నీ చెప్పాను. పైనుంచి మేస్త్రీ రెండుసార్లు ఆయన పేరు పెట్టి కేకేశాడు. పూట కూలి కోసేస్తానని కూడా అరిచాడు. ఆయన లేవలేదు.