తాకా మొత్తం విప్పిన ఎల్లవ్వ

మా అత్త ఎల్లవ్వకు ఏదీ ఒక పట్టాన నచ్చదు. మేం బతుకుదెరువుకు వచ్చిన ఉధ్నాలో మగ్గం మీంచి దిగిన తాకాను, అంటే గుడ్డ చుట్టను, బల్ల మీద పరిచి తప్పులు వెతకడం ఆమె పని. ఇంటికొచ్చాక నా కూరలోనూ అలాగే వెతుకుతుంది. నాకు ఒళ్లు మండిపోతుంది. అయినా ఆమె లేకపోతే ఆ ఏడు మా మామ ఏమైపోయేవాడో!

రెండో విడత కరోనా తగ్గుముఖం పట్టిన రోజులవి. సుగరున్నవాళ్లకు అది సోకితే కష్టమని గల్లీ అంతా బెంగ. మగ్గాల మేస్త్రీ గంగారాం ఏదో వీడియో చూసి, సుగరున్న పన్నెండు మంది చేత అన్నం మాన్పించాడు. నెల తిరిగేసరికి గల్లీ గోడ మీద సుద్దతో రాశాడు: "అన్నం మానినోళ్లకు సుగర్ తగ్గింది!"

మా మామ లస్మయ్య అది చదివి గంతేశాడు. "ఇగ గోలీలు బంద్! అన్నం మానితే సాలు," అంటూ తన సుగర్ గోలీల డబ్బా చెత్తబుట్టలో పడేశాడు. అంతకుముందోసారి గోలీలు మానే ఆస్పత్రి పాలయ్యాడు.

అత్త డబ్బా ఏరి కొంగున ముడేసుకుంది. "పై మడత జూసి తాకా పాస్ జేస్తరా? మొత్తం ఇప్పి సూడాలె," అని నన్ను వెంటబెట్టుకుని గంగారాం ఇంటికి నడిచింది.

"పన్నెండు మందికీ తగ్గిందా గంగారాం?"

"ఆఖరుదాక ఉన్నోళ్లకు తగ్గింది వదినె. ఐదుగురున్నరు."

"మిగిలినోళ్లేరి?"

"నడుమల ఇడిసివెట్టిన్రు. వాళ్ల ముచ్చటెందుకు రాస్త?"

"వారీ! తప్పులున్న ముక్క కోసి దాసి, మాల్ మంచిగుందంటే సేఠ్ ఊకుంటడా?"

గంగారాంను కూడా తీసుకుని ఇల్లిల్లూ తిరిగాం. కళ్లు తిరుగుతుంటే ఆ పథ్యం మానేశానంది రాజమ్మ. సుగర్ పెరిగిందని సోమలింగం నడుమనే వదిలేశాడట. పొద్దున జిలేబీ, సాయంత్రం శనగపిండి ఖమణ్ తిన్నాడు మరి! "గన్ని రోజులు అన్నమైతే ముట్టలే అక్కా, ఒట్టు!" అన్నాడు. మావాళ్లకు అన్నం తింటేనే తిన్నట్టు, తక్కినదంతా నాష్టా కిందే లెక్క. నాకు నవ్వాగలేదు.

చివరిదాకా నిలిచిన ఐదుగురికీ సుగర్ నిజంగానే తగ్గింది. అత్త ఒప్పుకుంది. వాళ్లను మాత్రం ఇంకొకటి అడిగింది: "గోలీలు ఆపిన్రా?"

"ఆపుడేంది? రోజు ఏస్కుంటున్నం గదా!"

ఐదిళ్లలోనూ అదే జవాబు. గంగారాం మొహం చిన్నబోయింది. "నన్నెవ్వలడగలె వదినె, అందుకే రాయలె," అన్నాడు. మంచివాడే పాపం. అప్పటికప్పుడు గోడ తుడిచి మళ్లీ రాశాడు: "పన్నెండు మంది మొదలువెట్టిన్రు. ఏడుగురు ఇడిసివెట్టిన్రు. ఐదుగురికి తగ్గింది, వాళ్లు గోలీలు ఏస్కుంటనే ఉన్నరు."

మామ వచ్చి ఆ గోడ మీది రాత రెండుసార్లు చదివాడు. ఇంటికొచ్చి అత్త ముందు చెయ్యి చాపాడు.

"గా డబ్బా ఇటియ్యే. అన్నం సగం తింట. గోలీల ముచ్చట డాక్టరునే అడుగుత."

అత్త కొంగు ముడి విప్పబోయింది. అది ఎంతకీ రాలేదు. అంత బిగించి కట్టింది. నేనే విప్పి ఇచ్చాను.

"ఏందే, గంత బుగులువడ్డవా?" అన్నాడు మామ.

"వడనా మరి? నీకేమన్నయితే నేనెవ్వలతోని లొల్లి వెట్టుకోవాలె?"

మామ గోలీ మింగాడు.