అంచు ముక్కలు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పక్కింటి చెల్లెలు ప్రహరీ మీదుగా గిన్నెడు ఖీరు అందిస్తూ ఒక పని చెప్పింది. చెల్లెలంటే తోడబుట్టింది కాదు. గోడకు గోడ ఆనించి రెండిళ్లు కట్టుకున్నప్పటి నుంచి నన్ను అన్నా అనీ, మా ఇంటామెను వదినా అనీ పిలుస్తూ వచ్చిన మనిషి. వాళ్ల అమ్మాయికి నిఖా కుదిరింది, బద్వేలు సంబంధం. అమ్మాయి చిన్ననాటి వీడియోలన్నీ వరసగా కలిపి, పెళ్లికి ముందు రోజు ఇంట్లో టీవీ మీద చుట్టాలకు చూపించాలని ఆమె ముచ్చట. "కంప్యూటరు నీకొస్తాది, వీడియోలు మీ ఇంట్లోనే ఉండాయి. ఇంగెవర్ని అడగాల్లన్నా నేను?" అంది. కాదనడానికి నా దగ్గర కారణం లేదు. ఖీరు కూడా అప్పటికే చేతిలో ఉంది.

ఆ వీడియోలు మా ఇంట్లో ఎందుకున్నాయో చెప్పాలి. చెల్లెలు చాలా కాలం కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసింది. మా వైపు అది వింతేమీ కాదు. ప్రతి వీధిలోనూ ఒకరో ఇద్దరో అక్కడ ఉంటారు. ఆమె వెళ్లేనాటికి పాపకు ఇంకా మాటలు కూడా సరిగా రాలేదు. పాపను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లింది. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు అరచేతిలో పట్టేంత కెమెరా ఒకటి తెచ్చి మా ఇంటామె ఒళ్లో పెట్టి, "నా బిడ్డను తీసి పంపిస్తాండు వదినా" అంది. మాకు పిల్లలు లేరు. పాప పగలంతా మా పెరట్లోనే ఆడుకునేది. మా ఇంటామె తీసేది, దాన్ని కంప్యూటరులోకి ఎక్కించేది, కెమెరాలోని చిన్న మెమరీ కార్డును గుడ్డలో మూటగట్టి, ఊళ్లో ఎవరు కువైట్‌కు బయలుదేరుతున్నా వాళ్ల ఊరగాయ జాడీల పక్కన పెట్టి పంపేది. కార్డు కంటే మూట పెద్దదిగా ఉండేది. అందులో చెనక్కాయల పొడి కూడా ఉండేదని నాకు తర్వాత తెలిసింది.

మా ఇంటామె పోయి రెండేళ్లు దాటింది. జ్వరమని ఆసుపత్రికి తీసుకువెళ్లిన మనిషిని మళ్లీ ఇంటికి నడిపించుకుని రాలేకపోయాను. అంతకంటే దాని గురించి రాయను. ఫోటోలు ఉన్నాయి, పెళ్లినాటిదీ, అహోబిలం కొండ మెట్ల మీద తీసుకున్నదీ. లేనిది గొంతు. ఫోనులో ఆమె పంపిన మాటలు కొన్ని ఉండేవి. ఆ ఫోను నీళ్ల తొట్టిలో పడింది. ఏ మాట ఎప్పుడందో, ఏ గుమ్మం దగ్గర నిలబడి అందో ఇప్పటికీ చెప్పగలను. కానీ గుర్తు చేసుకుంటే ఆ మాటలన్నీ నా గొంతుతోనే వినిపిస్తాయి. ఇంట్లో ఒక్కడే ఉండే మనిషికి తన గొంతు ఎంతసేపని వినాలనిపిస్తుంది?

వీడియోల్లో ఆమె గొంతు దొరుకుతుందేమోనని వెతకలేదా అంటే, ఉండదని నాకు గట్టి నమ్మకం. తీసేటప్పుడు ఆమె కిక్కురుమనేది కాదు, ఇంకొకరిని అననిచ్చేదీ కాదు. ఒక ఆదివారం నేను పెరట్లో దగ్గాను. చేత్తో ఆపమని సైగ చేసింది. మళ్లీ దగ్గాను. కెమెరా ఆపేసి, "ఆ దగ్గును గూడ కువైట్‌కు పంపియ్యల్లనా? సందులోకి పోయి దగ్గుకోప్పా" అంది. పోయి సందులో దగ్గాను. మిగతా రోజుల్లో ఆమె తీసే వేళకు నేను ఇంట్లో ఉండేవాణ్ని కాదు, ఫ్యాక్టరీలో ఉండేవాణ్ని.

నాది కమలాపురం దగ్గర నాపబండల ఫ్యాక్టరీలో కొలతల పని. చదువు పదితో ఆగింది. బండను చూసి చదరపు అడుగులు చెప్పడం, లారీని చూసి ఎన్ని బండలు పడతాయో చెప్పడం చూసి చూసి పట్టుబడిన విద్య. కంప్యూటరులో వీడియోలు కోయడం కూడా అలాగే, ఫోనులో ఎవరో చెబుతుంటే చూసి, ఆపి, మళ్లీ చూసి నేర్చుకున్నాను. మొదటిసారి కత్తెర గుర్తు నొక్కినప్పుడు నాకొక సంగతి వింతగా తోచింది. రంపంతో బండను కోస్తే రంపం మందమంత రాయి దుమ్మైపోతుంది. ఆ మందాన్ని లెక్కలో వేసుకోకపోతే రెండడుగుల బండ రెండడుగులు రాదు. ఇక్కడ కోత పడింది, దుమ్ము రాలలేదు. రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి కొలిస్తే పొడవు మొదట ఎంతో అంతే. ఇన్నేళ్ల అనుభవంలో ఇలాంటి రంపం చూడలేదు.

ముందు వరస కుదర్చాలి. కెమెరాలో తేదీ ఉంటుంది కానీ, బ్యాటరీ తీసినప్పుడల్లా అది మొదటికి పోయేది. అందుకని క్లిప్పులన్నీ ఒకే జనవరిలో తీసినట్టు ఉన్నాయి. పాప అదే నెలలో బుడిబుడి అడుగులేస్తుంది, పరుగెడుతుంది, బడికి పోతుంది. దానికొక కొలబద్ద దొరికింది. పెరట్లో దిమ్మె మీద పెట్టి మేము నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ము దాదాపు అన్ని క్లిప్పుల్లోనూ ఉంది. దానికి నడుమున రెండు పట్టీలు. పాప తల కింది పట్టీ దాకా వస్తే ఒక ఫోల్డరు, పై పట్టీ దాకా వస్తే ఇంకొకటి, డ్రమ్ము లోపలికి తొంగి చూస్తే మరొకటి. ముందరి పళ్లు ఊడిన క్లిప్పులు ఒక చోట. సీతాఫలం తింటుంటే వానలు తగ్గాక తీసినట్టు, డ్రమ్ము పక్కన ట్యాంకరు పైపు పడి ఉంటే ఎండాకాలం. ఇలా పేర్చుకుంటూ పోతే ఆ పిల్ల బాల్యం తప్పులేకుండా వరసకు వచ్చింది. పని బాగా కుదిరితే వచ్చే సంతోషం వచ్చింది. ఎవరికైనా చూపిద్దామని తల తిప్పాను, అలవాటు కొద్దీ.

తర్వాత కోత. ప్రతి క్లిప్పు చివరా కెమెరా కిందికి వాలిపోయి ఉంది. తెర మీద పొడుగ్గా పరుచుకున్న చిన్న చిన్న బొమ్మల్లో అది నల్లగా కనిపిస్తుంది. అది మా పెరటి నేల. ఆ నేల గురించి కూడా ఒక మాట. గని నుంచి వచ్చిన బండకు అంచులు వంకరగా ఉంటాయి. నాలుగు పక్కలా తీసేస్తేనే అది సరుకు. తీసేసిన అంచు ముక్కలు ఫ్యాక్టరీ వెనక గుట్టగా పడి ఉంటాయి, కావలసినవాళ్లు ఊరికే తీసుకుపోవచ్చు. మా పెరడు పరిచింది వాటితోనే. నేను టేపు పట్టుకుని సమానమైనవి ఏరబోతే మా ఇంటామె, "ఆ టేపు జోబులో పెట్టుకోప్పా. ఇది నా పెరడు" అని తనకు నచ్చినవన్నీ ఏరుకుంది. ఆ నల్లబండలే క్లిప్పుల చివర్లలో. బొత్తాం వెతుక్కుంటూ కెమెరాను కిందికి దించి ఉంటుందనుకున్నాను. నలుపు మొదలైన చోట కత్తెర నొక్కాను, చివరలన్నీ తీసేశాను. మా కంప్యూటరుకు స్పీకర్లు ఎప్పుడో పోయాయి. శబ్దం లేకుండానే ఈ పనంతా చేశాను. కొలతకు శబ్దంతో పనేముంది?

తయారైన దాన్ని చిన్న పెన్‌డ్రైవులో వేసుకుని చెల్లెలింటికి తీసుకెళ్లాను. ఆమె టీవీ ముందు చాప మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. పాప బుడిబుడి నడిచింది, పెరిగింది, డ్రమ్ములోకి తొంగి చూసింది. అయిపోయింది.

"శానా బాగుండాది అన్నా. సినిమా మాదిరి ఉండాది" అంది. తర్వాత, "వదినను యాడ పెట్టినావు?" అని అడిగింది.

"వదిన యాడుంటాదమ్మా? కెమెరా పట్టుకున్నది ఆమే కదా."

"బొమ్మ కాదన్నా, మాట. ఆఖర్లో నాతో మాట్లాడేది కదా వదిన."

"మాట్లాడేదా?"

"నీకు తెలీదా!" అని నన్ను ఎగాదిగా చూసింది. "నీ ముందర సిగ్గుపడి మాట్లాడిండదు. ఆడ పనంతా అయినాక వంటింట్లో కూర్చోని చూస్తాంటి. బిడ్డను చూస్తే ఏడుపొస్తాండె. ఆఖర్లో వదిన తిడ్తాంటే నవ్వొస్తాండె. ఆ నవ్వుతోనే పండుకుంటాంటి. అది తీసేసినావా నువ్వు?"

తీసేశాను. వాళ్ల అమ్మాయి దగ్గర చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు అడిగి తీసుకుని ఇంటికి వచ్చాను. నాలుగడుగుల దూరమే కానీ, దారిలో నేను చేసిన ఆలోచన ఒకటే. ఫ్యాక్టరీలో అయితే కోసిన అంచు మళ్లీ బండకు అతకదు.

ఇక్కడ అతుకుతుంది. ముక్క చివర మౌసుతో పట్టుకుని కుడివైపుకు లాగితే, కోసేసిన భాగం ఏమీ జరగనట్టు వెనక్కి వస్తుంది. మొదటి క్లిప్పు చివర పట్టుకుని లాగాను. నల్లబండలు వచ్చాయి. బండల మీద ఆమె పాదాలు వచ్చాయి. మెట్టెల్లో ఒకటి వేలికి వదులై పక్కకు తిరిగి ఉంది. అది అలా తిరిగి ఉండేదని నేను మరిచేపోయాను. తర్వాత చెవిలో ఆమె.

"చూసినావా నీ బిడ్డను? రెండు ముద్దల సంగటి తినింది, మూడో ముద్ద మేకకు పెట్టింది. నువ్వేం ఏడ్వాకు. ఏడిస్తే కండ్లు తుడిచేదానికి ఆడ ఎవరుండారు నీకు? దుడ్లన్నీ ఈడికే పంపీకుండా చెప్పులు కొనుక్కో. పోయిన ఫోటోలో తెగిపోయినవే ఏసుకోనుండావు, నేను చూల్లేదనుకున్నావా?"

నేను రెండేళ్లుగా మోస్తున్న గొంతు ఇది కాదు. కొంచెం సన్నం, కొంచెం తొందర. మాట చివర కాస్త పైకి లేస్తుంది. గుర్తు పెట్టుకున్నాననుకున్నది నా కల్పన. ఆ మధ్యాహ్నం ఒక్కొక్క క్లిప్పు చివరా పట్టుకుని లాగుతూ కూర్చున్నాను. పళ్లూడిన క్లిప్పు చివర, "నీ బిడ్డ ముసలమ్మ మాదిరి నవ్వుతాంది, నువ్వొచ్చేలోపల మొలుస్తాయిలే" అంది. ట్యాంకరు పైపున్న క్లిప్పులో తిట్టింది చెల్లెల్ని కాదు, ట్యాంకరు వాణ్ని. ఆ తిట్లు రాయలేను.

పెళ్లికి ముందు రోజు ఆ చివరలు తిరిగి కలిపిన వీడియో వేశాం. చెప్పుల మాటకు చుట్టాలందరూ నవ్వారు. చెల్లెలు నవ్వలేదు, పెదవులు కదుపుతూ ఆ మాటలన్నీ వాళ్ల వదినతో పాటే అంది. పెళ్లికూతురు తన బొమ్మలు చూడడం మానేసి, వాళ్లమ్మ ముఖమే చూస్తూ కూర్చుంది. జనం భోజనాలకు లేస్తుంటే చెల్లెలు నా దగ్గరకు వచ్చి, "నీ మీద చెప్పింది పెట్టలేదే అన్నా! సిగ్గా?" అంది. సిగ్గే. అది ఒక్కటీ నా దగ్గర ఉంచుకున్నాను.

ఆ క్లిప్పులో పాప డ్రమ్ము దిమ్మెకు ఆనుకుని నిద్రపోతూ ఉంటుంది. కెమెరా వాలిపోతుంది, బండలు, పాదాలు. "ఇంక ఆపుతా. మీ అన్న వచ్చే పొద్దాయ. ఊరిబిండి నూరల్ల. అది లేకుంటే మూతి ముడ్చుకోని తింటాడు, నోరు తెరిచి అడగడు. ఆ మనిషి నోట్లోనుంచి మాట రావల్లంటే రంపం పెట్టి కోయల్ల" అంటుంది. ఖాళీ ఇంట్లో నేను పైకే నవ్వాను. వెనకాల సన్నగా ఒక స్కూటరు చప్పుడు, దగ్గరవుతూ. నా స్కూటరే. "అదో, వచ్చె" అంటుంది. అంతటితో ఆగిపోతుంది.

ఆ చివర పట్టుకుని ఇంకా లాగాను. రాలేదు. అక్కడికే ఉంది. ఆమె బొత్తాం నొక్కి, కెమెరా గూట్లో పెట్టి, వచ్చి తలుపు తీసింది. అక్కడి నుంచి నడిచిన కాలమంతా కెమెరాకు ఎక్కనిది, మా ఇద్దరిదీ కాబట్టి, ఎంత లాగినా అది తెర మీదికి రాదు.