గొట్టానికి చుట్టిన గుడ్డ

మొన్న నల్గొండలో మా కారును సర్వీసింగుకు ఇస్తే, అక్కడి పిల్లవాడు బానెట్టయినా ఎత్తకుండా స్టీరింగు కింద ఒక వైరు గుచ్చి, చేతిలోని తెర చూసి, ఇంజన్లోకి ఎక్కడో గాలి చొరబడుతోంది, గొట్టాలు మొత్తం మార్చాలని చెప్పి మళ్లీ తన ఫోనులో పడిపోయాడు. ఎక్కడ నాయనా అంటే, అది తెలియదట. ఆ మాటకు నాకు పాత రోత ఒకటి గుర్తొచ్చింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో మేము నకిరేకల్‌లో ఉండేవాళ్లం. నేను బడిలో పంతులమ్మను. కిడ్నీలు పాడైన మా అత్తమ్మను డయాలసిస్‌కు నల్గొండ దవాఖానకు తీసుకుపోవడానికే ఒక పాత పెట్రోలు కారు కొన్నాం. మా ఆయనకు స్టీరింగంటే బెదురు, అందుకని నడిపేది నేనే. కొన్నాళ్లకు అది నిలబడ్డచోట వణకడం, వేగం తగ్గిస్తే ఆగిపోవడం మొదలుపెట్టింది. ఊళ్లో పేరున్న మెకానిక్కుకు ఎన్నిసార్లు ఇచ్చినా గొట్టం చినిగిందని, కొత్తది వేశానని చెప్పేవాడు, నాలుగు రోజులు నడిచి మళ్లీ అదే వరస.

ఒక ఎండాకాలం దవాఖాన నుంచి వస్తుంటే స్పీడు బ్రేకరు దగ్గర ఆగి, ఇక చాలాసేపు కదల్లేదు. అత్తమ్మ ఒళ్లోనే వాంతి చేసుకుంటే నా కొంగుతో తుడుస్తున్నాను. ఒకాయన తన కారు నెమ్మది చేసి, లోపలికి తొంగి చూసి, ముక్కు మూసుకుని వెళ్లిపోయాడు.

"నన్ను బస్సెక్కియ్యకపోయినవా బిడ్డా, నీకెందుకు గీ కంపు" అన్నది అత్తమ్మ. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

మర్నాడు వాకిట్లో మేమే బానెట్టు ఎత్తాం. ఇంజను గాలి పీల్చే గొట్టాల్లో చిల్లి ఉంటే, దాని మీద నీళ్లు పడ్డప్పుడు ఇంజను చప్పుడు మారుతుందని మా తమ్ముడు ఫోనులో చెప్పాడు. మా ఆయన లోపల కూర్చుని ఇంజను ఆగకుండా చూస్తుంటే, ఇస్త్రీ బట్టల మీద చిలకరించే సీసాతో నేను ఒక్కో గొట్టం మీదా నీళ్లు కొట్టుకుంటూ పోయాను. వెనక, అడుగున ఉన్న లావుపాటి గొట్టం దగ్గర వణుకు ఠక్కున తగ్గింది.

"గక్కడ్నే, మల్ల కొట్టు" అన్నాడాయన. మళ్లీ తగ్గింది. ఇంజను ఆపి, చల్లారాక చెయ్యి పెడితే మెత్తగా ఏదో తగిలింది. లాగితే, చినిగిన గొట్టానికి తీగతో బిగించిన పాత గుడ్డ, గ్రీజుతో నల్లబడి, గుట్కా ఉమ్ముతో ఎర్రగా గట్టిపడి ఉంది. ఇన్నాళ్లూ వాడు వేసిన కొత్త గొట్టం అదీ! సబ్బుతో ఎంత తోమినా కంపు పోక, ఆ పూట అన్నం చెంచాతో తిన్నాను.

ఆ గుడ్డను కాగితంలో చుట్టుకుపోయి మెకానిక్కు ముందు పెట్టాను. పేషెంటును తీసుకుపోయే బండి అని నీకు చెప్పలేదా అని అడిగాను.

వాడు నములుతూనే, "నడిచిందా లేదా మేడం? ఇంకేం గావాలె?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాళ్లలో మా బడి పిల్లల తండ్రులూ ఉన్నారు.

కొత్త గొట్టం తెప్పించి, వేళ్లు చీరుకుపోయినా మేమే బిగించుకున్నాం. అత్తమ్మ పోయేదాకా ఆ బండి దారిలో ఆగలేదు. తిరుగు ప్రయాణంలో ఆమె నా పక్క సీట్లో నోరు కొంచెం తెరిచి హాయిగా నిద్రపోయేది.

ఇప్పటి కారు చప్పుడు లేకుండా పోతుంది. బానెట్టెత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనిపించదు. అప్పుడు మోసం కనీసం చేతికి తగిలేది, కంపు కొట్టేది. ఇప్పుడు ఏసీ గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, బిల్లు మీద సంతకం పెట్టమంటారు. నేనూ కళ్లద్దాలు సరిచేసుకుని సంతకం పెట్టి వస్తాను.