ఉదయగిరి డాక్టరు జ్ఞానదంతం

ఆ రోజుల్లో డాక్టరనేవాడికి జబ్బు రాకూడదు. వస్తే రోగులు క్షమించేవారు కారు. జలుబు చేసిన డాక్టరును చూసి, ఈయన మందు ఈయనకే పనిచేయలేదు, మనకేం చేస్తుందిలే అనుకుని గడప దగ్గరి నుంచే వెనక్కి మళ్ళేవారు. అందుకే ఇరవై ఐదేళ్ళ వయసులో, ఉదయగిరి ఆసుపత్రిలో చేరిన నాలుగో నెలలో, నా కింది దవడలో కుడివైపు చివర జ్ఞానదంతం తల ఎత్తినప్పుడు, ఆ సంగతిని దొంగసొత్తులాగా దాచిపెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం అది నా పరువు సమస్య.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. బొగ్గుతో నడిచే బస్సులు ఇంకా పూర్తిగా మూలపడలేదు. మద్రాసులో వైద్యం చదువుకుని, కొత్త కోటు, కొత్త స్టెతస్కోపు, వాటికంటే కొత్తదైన గర్వంతో ఉదయగిరి కొండ కింద బస్సు దిగాను. ఆసుపత్రి అంటే రెండు గదులు, ముందొక వరండా, వరండాలో ఒక బల్ల. సిబ్బంది అంటే నేనూ, కాంపౌండరు సాయిబు గారూ. ఆయనకు యాభై దాటాయి. గోరింటాకు పెట్టిన గడ్డం, మోకాళ్ళు దాటే తెల్లచొక్కా. యుద్ధకాలంలో పటాళం ఆసుపత్రిలో పనిచేసి వచ్చాడని ఊళ్ళో వాళ్ళు చెప్పారు. అక్కడ ఏం పనిచేశాడో అడగాలని నాకు తోచలేదు. మొదటి రోజే ఆయన్ను నిలబెట్టి, అరకు మందులు కలపడం, పొట్లాలు కట్టడం మీ పని, పనిముట్లు ముట్టుకోవడం నా పని అని చెప్పేశాను. (ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) ఆయన "మంచిది సార్" అని పొట్లాలు కట్టడానికి కూర్చున్నాడు.

ఊళ్ళో నాకొక శత్రువు ఉండేవాడు. ప్రతి సంతరోజూ ఆసుపత్రికి ఎదురుగానే గొడుగు పాతి, ఎర్రగుడ్డ పరిచి, దానిమీద అంతవరకు తాను పీకిన పళ్ళన్నీ వరసగా పేర్చుకుని కూర్చునేవాడు. జనం అతని దగ్గర నిలబడేవారు గానీ నా మెట్లు ఎక్కేవారు కారు. అతను పన్ను పీకిన ఒక మనిషికి వాపు మెడదాకా దిగితే, బతికించడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. ఆ తర్వాత సంతరోజుల్లో వరండాలో నిలబడి ఉపన్యాసాలు మొదలుపెట్టాను. పన్ను తీయించుకుంటే కంటిచూపు పోతుందన్నది వట్టి మాట అనీ, మందు సూది వేసి తీస్తే చీమ కుట్టినంత కూడా ఉండదనీ, ఇంత చిన్నదానికి భయపడటం సిగ్గుచేటు అనీ చెప్పేవాణ్ణి. అందరికంటే శ్రద్ధగా వినే మనిషి చింతపండు పెద్దమ్మ. సంతలో చింతపండు అమ్మేది. ఆమెకొక దవడపన్ను బాగా పుచ్చిపోయింది. మూడుసార్లు వచ్చి కుర్చీలో కూర్చుంది. మూడుసార్లూ నేను పట్టకారు చేతికి తీసుకోగానే, గంప దగ్గర ఎవరూ లేరన్న సంగతి గుర్తొచ్చి లేచిపోయింది.

అటువంటి సమయంలో నాకీ పన్ను. మొదటిసారి వాచినప్పుడు పెరట్లో నిలబడి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే తగ్గింది. రెండు వారాలకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ తగ్గి, మళ్ళీ వచ్చింది. నాలుగోసారికి నోట్లోకి రెండు వేళ్ళు కూడా పట్టలేదు. పుస్తకం తీశాను. ఒక పేజీలో, మాటిమాటికీ వాచే జ్ఞానదంతాన్ని తీసివేయడమే మేలని రాసుంది. పేజీ తిప్పితే, తీసేటప్పుడు రాగల ప్రమాదాలు. దవడ ఎముక విరగవచ్చు, నోరు బిగుసుకుపోవచ్చు, చీము గొంతులోకి దిగవచ్చు. పరీక్షలో ఇవన్నీ రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. అప్పుడా దవడ నాది కాదు. ఇంటికి మాత్రం సంగతి రాశాను. మా నాయన జవాబు రాశాడు: కింది పన్ను తీయిస్తే జ్ఞాపకశక్తి, పై పన్ను తీయిస్తే చూపు పోతాయనీ, ఏదైనా పెద్దలను అడిగి చేయమనీ. చదివి నవ్వుకున్నాను. నవ్వుకున్న తర్వాత ఎందుకైనా మంచిదని ఒక కన్ను మూసుకుని కొండమీది కోటగోడ కంటికి ఆనుతుందో లేదో చూసుకున్నాను. అంతటితో ఆగక ఎముకల పేర్లన్నీ ఒకసారి వల్లెవేశాను.

సాయిబు గారు ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు. ఒక ఉదయం నేను అడగకముందే చెంబుతో వెచ్చటి ఉప్పునీళ్ళు తెచ్చి పెట్టాడు. గొంతు బాగా లేదని చెప్పాను. ఆయన నా బుగ్గవైపు ఒకసారి చూసి, "మంచిది సార్" అన్నాడు.

ఆత్మకూరులో పెద్ద ఆసుపత్రి, అందులో నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దయిన డాక్టరు ఉన్నారు. మందులు తేవాలని సాయిబు గారితో చెప్పి, ఒక ఆదివారం ఉదయం బస్సెక్కాను. దుమ్ముకు అందరూ తలకు తువ్వాలు చుట్టుకునేవారు గనుక నేను ముఖమంతా చుట్టుకున్నా ఎవరికీ అనుమానం రాలేదు. దారిలో ఎన్ని గుంతలు ఉన్నాయో నా పన్నుకు తెలుసు. ఆత్మకూరు చేరి, ఆసుపత్రి వరండాలో బల్ల చివర ఎవరికీ కనపడకుండా కూర్చున్నాను. నా పక్కన ఒకామె చీరకొంగు బుగ్గకు అదిమిపట్టుకుని కూర్చుని ఉంది. ఇద్దరం నొప్పికి ఒకే రకంగా ముందుకూ వెనక్కూ ఊగుతున్నాం. కాసేపటికి ఆమె, "నీకు గూడా పన్నేనా నాయనా?" అని అడిగింది. తల ఊపాను. ఆ ఊపుకు తువ్వాలు జారింది.

చింతపండు పెద్దమ్మ! ఆమె అరవలేదు, నవ్వలేదు. సంతలో సరుకును చూసినట్టు నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఏం డాక్టరయ్యా, చీమ కుట్టినంత గూడా ఉండదంటివి గదా."

నేను తువ్వాలు మళ్ళీ ముఖానికి చుట్టుకోబోయాను.

"నా పన్నుకు నువ్వు చాలంటివి. నీ పన్నుకు మాత్రం ఆత్మకూరు డాక్టరు గావాల్నా?"

చెప్పడానికి చాలా సాకులు తోచాయి. ఎవరి పన్ను వాళ్ళే తీసుకోలేరనవచ్చు, అది నిజం కూడాను. మందులు కొనడానికి వచ్చి ఊరికే కూర్చున్నాననవచ్చు. కానీ ఆమె కళ్ళలోకి చూశాక ఒక్కటీ నోటిదాకా రాలేదు. "నాకు భయంగా ఉంది పెద్దమ్మా" అన్నాను. ఉద్యోగంలో చేరిన తర్వాత నేను చెప్పిన మొదటి నిజం అదే అనుకుంటాను.

పెద్దమ్మ కొంగు బుగ్గ మీదినుంచి తీసింది. "ఆ మాట ముందే చెప్పుంటే నేను మొదటి తూరే కుదురుగా కూర్చునుందును గదయ్యా. భయమంటే ఏందో తెలియనోడికి నా నోరెట్టా అప్పజెప్పేది?" అంది.

అంతలో లోపలినుంచి పిలుపు వచ్చింది. పెద్ద డాక్టరు గారు నా నోరు తెరిపించి, అద్దం పెట్టి చూసి, ఇది ఎన్నోసారి వాపని అడిగారు. నాలుగోది అన్నాను. ఇటువంటి రోగి నీ దగ్గరికి వస్తే ఏం చెబుతావని అడిగారు. తీయించుకోమంటానన్నాను. "మరి నన్ను అడగడానికి బస్సెక్కి వచ్చావా?" అని ఆయన నవ్వి, పన్ను నిటారుగానే ఉంది, పెద్దగా ఇబ్బంది పెట్టదు, వాపు కూడా దిగుముఖం పట్టింది, ఇప్పుడే తీసేస్తానన్నారు. పళ్ళెంలో పనిముట్లు మెరుస్తున్నాయి. గుమ్మంలో పెద్దమ్మ నిలబడి చూస్తోంది. ఇక్కడ తీయించుకుంటే గంటలో నా నొప్పి పోతుంది. రేపటి సంతలో, ఉదయగిరి డాక్టరు తన పన్ను ఆత్మకూరులో పీకించుకున్నాడన్న మాట చింతపండుతో పాటు ఇంటింటికీ చేరుతుంది. అది అబద్ధం కూడా కాదు. ఆ తర్వాత నా వరండా ఎక్కేది పిచ్చుకలే.

"ఉదయగిరిలోనే తీయించుకుంటానండి" అన్నాను.

"అక్కడ తీసేదెవరయ్యా?" అన్నారాయన.

ఆ ప్రశ్నకు జవాబుగా గోరింటాకు పెట్టిన గడ్డం ఒకటి నా కళ్ళముందు కనపడింది. పటాళం ఆసుపత్రిలో పనిచేసి వచ్చి, ఆర్నెల్లుగా ఎదురుగా ఉన్న మనిషి నాకు ఆత్మకూరులో కనపడ్డాడు.

తిరుగు బస్సులో పెద్దమ్మ నా ముందు సీట్లో కూర్చుంది. ముందు నా పన్ను, తర్వాత ఆమె పన్ను అని ఒప్పందం. దారిపొడవునా బస్సు ఆగిన ప్రతిచోటా వెనక్కి తిరిగి నేను దిగిపోలేదు గదా అని చూసుకుంటూనే ఉంది.

మర్నాడు ఉదయం సాయిబు గారిని లోపలికి పిలిచి, పళ్ళు తీయడం వచ్చా అని అడిగాను. పటాళంలో నాలుగేళ్ళు అదే పని అన్నాడాయన. ఎప్పుడూ చెప్పలేదేమన్నాను.

"మీరు అడగలేదు సార్" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది. "అడుగుతారులే అని చూస్తా ఉండాను."

పనిముట్ల పెట్టె తీసి ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన ఒక్కొక్కటే ఎత్తి చూసి, కావలసినవి ఏరుకుని, నీళ్ళు మరగబెట్టడానికి పోయాడు.

లోపల ఏం చేసుకుంటారో ఎవరికి తెలుసునని పెద్దమ్మ పట్టుబట్టడంతో కుర్చీని వరండాలోకి లాగించాం. సంత సగం అక్కడికే వచ్చింది. ఎదుటి శత్రువు కూడా గొడుగు ముడిచి వచ్చి మొదటి వరసలో నిలబడ్డాడు. నేను కుర్చీలో కూర్చుని, సూది ఇక్కడ వేయండి, పట్టకారు ఇలా పట్టుకోండి అని సాయిబు గారికి పాఠం చెబుతుంటే, ఆయన "మంచిది సార్" అంటూనే సూది వేసి నోట్లో దూది పెట్టేశాడు. ఆర్నెల్లలో ఆ వరండాలో నా ఉపన్యాసం ఆగిపోవడం అదే మొదటిసారి. బుగ్గ మొద్దుబారింది. ఆయన ఎడమచేత్తో నా దవడను, మామిడిపండు మగ్గిందో లేదో చూసేవాడిలాగా, మెత్తగా పట్టుకున్నాడు. చెవిలో ఎక్కడో బండిచక్రం తిరిగిన చప్పుడైంది. ఇక మొదలుపెడతాడని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

"అయిపోయింది సార్."

కళ్ళు తెరిస్తే పన్ను పట్టకారు కొసన ఉంది. పెద్దమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "దీనికా మనం ఆత్మకూరు దాకా పోయినాము" అంది. గుంపులోంచి ఎవరో చూపు సంగతి చూడాలని గుర్తుచేశారు. ఒక ముసలాయన నా ముఖం ముందు చెయ్యి పెట్టి ఎన్ని వేళ్ళో చెప్పమన్నాడు. నోటినిండా దూది గనుక నేనూ మూడువేళ్ళు ఎత్తి చూపించాను. ఆ సంతలో అంత నవ్వు మళ్ళీ వినలేదు. నేనూ నవ్వాను, దూది పడిపోకుండా.

అప్పుడు పెద్దమ్మ కుర్చీలో కూర్చుంది. గంప ఎవరికో అప్పజెప్పే వచ్చింది. తన పన్ను నేనే తీయాలంది, మాటంటే మాటేనంది. నేను పట్టకారు పట్టాను. నా భుజం పక్కన నిలబడి సాయిబు గారు, కొంచెం బయటికి, ఇప్పుడు లోపలికి, తొందరొద్దు అని నాకొక్కడికే వినపడేటట్టు చెబుతూ వచ్చాడు. ఆమె గుడ్లురిమి నన్నే చూస్తోంది. పన్ను మొత్తంగా, విరగకుండా ఊడివచ్చింది. మద్రాసులో పట్టా అందుకున్న రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు. పెద్దమ్మ దూది కొరికిపట్టుకుని లేచి, మూసిన నోటితోనే ఆ వార్తను సంతంతా చాటడానికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి వరండా నిండిపోయింది. వచ్చినవాళ్ళంతా ఒకటే మాట: డాక్టరు పన్ను తీసిన చెయ్యే మాకు గావాల. సాయిబు గారు పళ్ళు తీస్తుంటే నేను సూదులు వేశాను, పనిముట్లు మరగబెట్టాను, చివరికి పొట్లాలు కూడా కట్టాను. (నేను కట్టిన పొట్లాలు విడిపోతే ఆయన మళ్ళీ కట్టాడు.) తర్వాతి వారాల్లో ఎర్రగుడ్డ ఆయన మర్రిపాడువైపు సంతకు మారిపోయాడని తెలిసింది. మా వరండాలో రెండో బల్ల వేయించాల్సి వచ్చింది.

మూడేళ్ళకు నాకు బదిలీ అయింది. బస్సు దగ్గరికి సాయిబు గారు వచ్చి, కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, ఒక్క మాట చెప్పాలన్నాడు. "కొత్త ఊళ్ళో కాంపౌండరును మొదటిరోజే అడగండి సార్, ఏమేం పని వచ్చో."

అడిగాను. రిటైరయ్యేదాకా ప్రతి ఊళ్ళోనూ అడిగాను. ఒకాయనకు విరిగిన ఎముక కట్టడం నాకంటే బాగా వచ్చు. ఒకాయన పసిబిడ్డల ఏడుపు విని నొప్పి ఎక్కడో చెప్పేవాడు. ఇంకొకాయన చాలాసేపు ఆలోచించి, తనకు హార్మోనియం తప్ప ఏదీ సరిగా రాదన్నాడు. ఆ ఊళ్ళో మా సాయంత్రాలు చాలా బాగా గడిచాయి.