ప్రసారం కాని పేరు

మొన్న మనవరాలు సెల్‌ఫోన్ ముందు కూర్చుని తాను తింటున్న ఉప్మాను లోకానికంతా చూపిస్తుంటే, ఇదేం పనే అని అడిగాను, ప్రత్యక్ష ప్రసారమట. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఒకప్పుడు దాని అర్థం మా అక్కకు చెప్పింది నేనే.

డెబ్బైల చివర, నేను ఎల్లారెడ్డిలో కొత్తగా టీచరుగా చేరిన రోజులవి. అక్క పగలంతా మా వాకిట్లోనే నలుగురు ఆడవాళ్లతో కలిసి, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది, చుడుతూ పాడేది. నాలుగేళ్ల కూతురు జ్వరంతో పోయాక దాని మీద తానే ఒక పాట కట్టుకుంది. ఆఖరి చరణంలో పిల్ల పేరు వచ్చేది. బావ ఇంట్లో ఆ పేరెత్తనిచ్చేవాడు కాదు, కనుక బిడ్డను పేరుపెట్టి పిలవడానికి అక్కకు ఆ పాటొక్కటే మిగిలింది.

పల్లెపాటల కోసం ఊళ్లు తిరుగుతూ వచ్చిన రేడియో వాళ్లు ఆ పాటను మొత్తం రికార్డు చేసుకుని పోయారు. నెల తర్వాత కార్డు వచ్చింది, ఫలానా సాయంత్రం మీ పాట ప్రసారమవుతుందని. ప్రసారమంటే ఏందే చెల్లె అని అక్క అడిగితే, చదువుకున్నదాన్నన్న మిడిసిపాటుతో, "నువ్వు పాడిన ప్రతి మాట ఊరూరికి పోవుడక్కా, కామారెడ్డిల ఇంటరు, గాంధారి తండాలల్ల ఇంటరు" అన్నాను.

"అయితే నా బిడ్డ పేరు గూడ అందరు ఇంటరు" అంది అక్క.

ఆ సాయంత్రం బావను బతిమాలి తీసుకొచ్చి మా రేడియో ముందు కూర్చోబెట్టింది. అక్క గొంతు వచ్చింది, ఆడవాళ్లు మురిసిపోయారు, ఆఖరి చరణం అందుకునే లోపే పాట ఆగిపోయి వరికి మందు కొట్టే పద్ధతి మీద ప్రసంగం మొదలైంది. బావ లేచి వెళ్లిపోయాడు. అక్క మాత్రం ఆ మందు సంగతి అయిపోయేదాకా కదలకుండా కూర్చుని, "పేరు రాలేదు గదనే చెల్లె" అంది. నేను రేడియో వాళ్లకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. వాళ్ల మీదకంటే నా మీద నాకే ఎక్కువ కోపం. ఆ తర్వాత అక్క బీడీలు చుట్టింది గాని మళ్లీ పాడలేదు.

ఇప్పుడు ఇంటింటా ప్రసారమే, ఉప్మాకు కూడా ఆ భాగ్యం దక్కింది. అక్క పోయి చాలా ఏళ్లయింది, ఆ చరణమూ ఆమెతోనే పోయింది. మీ ఇళ్లలోనూ ఇట్లా ఎవరి చెవినా పడకుండా పోయిన పాటలు ఉండే ఉంటాయి. నాకు గుర్తున్నది పేరొక్కటే, కనీసం ఈ కాగితం మీదైనా చెప్పనివ్వండి. ఆ పిల్ల పేరు గంగామణి.