అత్తగారి గది కట్టిన వాయిదా

చిన్నకోడలికి అసలు పేరు ఒకటుందని వీధిలో చాలామందికి తెలియదు. మంచం పట్టిన అత్తగారు పదకొండేళ్లపాటు "చిన్నకోడలా!" అని వీధి చివరికి వినబడేలా కేకేసేది. కూరగాయలవాడి దాకా అందరికీ ఆ పేరే నోటికి పట్టేసింది. "టీలో పంచదార వేశావా, డబ్బా చూపించి తీసుకొచ్చావా?" అన్నది ఆవిడ పొద్దుటి పలకరింపు. అది అయ్యాక, కారే ఇంటికప్పును తిట్టేది.

మంచానున్నవాళ్లను చూసుకునేవాళ్లకు సర్కారు నెలకు రెండు వేలు భత్యం ఇచ్చేది. చిన్నకోడలు దాన్ని పోస్టాఫీసు కిటికీ దగ్గర తీసుకునేది. అత్తగారు చనిపోయిన నెల కూడా అక్కడికే వెళ్లి, "మా అత్తగారు వెళ్లిపోయారండీ" అని గుమస్తాకు చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుని, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. తరవాతి నెలా ఇచ్చాడు. చెప్పవలసింది చెప్పాం, తెలిసే ఇస్తున్నారు కాబోలు అనుకుందామె. ఆ డబ్బుతో అత్తగారి గది కప్పు బాగుచేయించింది. పదకొండేళ్లు తిట్లు తిన్న కప్పు, తిట్టే మనిషి పోయాక బాగుపడింది.

తొమ్మిది నెలలకు ఉత్తరం వచ్చింది. ఎక్కువగా తీసుకున్న పద్దెనిమిది వేలు నెలకు రెండు వేల చొప్పున తిరిగి కట్టాలట. గోడలకు రంగులేసే భర్త దాన్ని రెండుసార్లు చదివాడు.

"తిన్నదైతే అరిగిపోయిందనేవాళ్లం. కప్పెక్కి కూర్చున్నదాన్ని ఎట్లా దింపుతామే?"

ఆయన తెచ్చేది నెలాఖరు దాకా సాగితే అదే గొప్ప. మర్నాడు చిన్నకోడలు ఆ ఉత్తరం పంపిన ఆఫీసుకు వెళ్లింది.

"చనిపోయిన సంగతి ఎవరికి చెప్పారు?" అంది అధికారిణి.

"పోస్టాఫీసు ఆయనకమ్మా."

"ఆయనకు చెబితే మాకెలా తెలుస్తుందండీ?"

"మీరంతా ఒకటే కాదా? సర్కారు కళ్లు తుడుచుకోవడం నేను కళ్లారా చూశాను."

అధికారిణి నవ్వు దాచుకోవడానికి కాగితాల్లోకి తల వంచింది. వాయిదా వెయ్యికి తగ్గించింది. ఆ వెయ్యి కూడా ఎక్కడినుంచి వస్తుందో తెలియాలిగా.

"ఇంట్లో ఎన్ని గదులు?"

"రెండు."

"రెండో దాంట్లో ఎవరుంటారు?"

"మా అత్తగారి మంచం" అంది.

"దాన్ని అద్దెకిస్తే?" అంది అధికారిణి మెల్లగా.

ఆ వారమంతా చిన్నకోడలు ఆ గది గుమ్మం దగ్గరికి వెళ్లడం, వెనక్కి రావడం. పరుపు మీద దుప్పటి మడత కూడా అత్తగారు వదిలిందే. భర్త తొందరపెట్టలేదు. ఏడో రోజున వాన పడింది. వంటింట్లో రెండుచోట్ల గిన్నెలు పెట్టి, ఆమె ఆ గదిలోకి వెళ్లి నిలబడింది. ఒక్క చుక్క లేదు. ఇంత పొడి గదిని మంచానికి అప్పగిస్తే అత్తగారే తిడుతుంది. దుప్పటి విప్పి, దులిపి, ఉతకడానికి వేసింది.

గదిలోకి రిటైర్మెంటుకు రెండేళ్లున్న బస్సు కండక్టరమ్మ దిగింది. పొద్దునా సాయంత్రం టీతో కలిపి నెలకు పన్నెండు వందలు. మంచం అదే.

మొదటి రోజు పొద్దున్నే ఆ గదిలోంచి, నిండు బస్సులో చివరి సీటుకు వినబడాల్సిన గొంతు వచ్చింది.

"చిన్నకోడలా, ఇది టీయా, గ్లాసు కడిగిన నీళ్లా?"

చిన్నకోడలు పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. సబ్బు నురగ మొహంతో భర్త తొంగిచూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, గోడ పట్టుకుని మరీ నవ్వారు. ఆమె కళ్లు తుడుచుకుంటూ పంచదార డబ్బా అందుకుంది.

నెలాఖరున పోస్టాఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి మొదటి వెయ్యి కట్టింది.

"ఈ సంగతి ఆఫీసుకు నేను చెప్పాలా, మీరు చెబుతారా?"

"రసీదు చెబుతుందమ్మా" అన్నాడు గుమస్తా, ముద్ర రెండుసార్లు గట్టిగా కొట్టి. "ఇది దగ్గర పెట్టుకో."

రసీదు పర్సులో దోపుకుని ఆమె గబగబా నడిచింది. కండక్టరమ్మ డ్యూటీ దిగేది నాలుగింటికి. టీ ఆలస్యమైతే వీధంతా వినాలి.