ఫుజి దర్శనం

హాంబర్గ్‌లో మా పై వాటాలో ఉండే అక్క ఏ ఊరు చూసొచ్చినా, గుడికి వెళ్ళొచ్చినట్టే "దర్శనం బాగా అయింది" అనేది. జపాన్ నుంచి వచ్చాక కూడా అంతే, కియోటోలో వెదురుతోపు దర్శనం, నారాలో జింకల దర్శనం.

మా ఆయన కూడా జపాన్ వెళ్దామన్నారు. పాప రాత్రుళ్ళు నిద్రపోనివ్వదు. అక్కడ జ్వరమొస్తే ఎలాగని నా భయం. అక్కనే అడుగుదామని వెళ్ళాను. ఫోన్‌లో ఫుజి ఫొటో చూపించింది. అంతా తెల్లటి మబ్బే.

"కొండేదక్కా?"

"దాని వెనకాలుంది. దర్శనం కాలేదే!"

"అంత దూరం వెళ్ళి, బాధనిపించలేదా?"

"మీ బావగారు పిల్లల్నేసుకుని, మబ్బు తొలగుతుందేమోనని సరస్సు ఒడ్డునే నిలబడ్డారు. నేను బస్సులో పడుకున్నా. పిల్లలు పుట్టాక అంత నిద్ర ఎప్పుడూ పోలేదే పిల్లా!"

కిందికొచ్చి, టికెట్లు తీయమని మా ఆయనతో చెప్పాను.

"ఫుజి చూడాలనుందా?" అన్నారు.

"మీరూ పాపా చూడండి" అన్నాను.